తొక్కనని చెప్పిన ఆదివారం

నేను కాళ్ళు ముందు పెట్టి పుట్టినవాణ్ణి. తల రావలసిన చోట పాదాలు వచ్చాయట. ఆ కాన్పులో మా అమ్మ చావు అంచుదాకా పోయి వచ్చింది. ఊరివాళ్ళకు ఆ సంగతి పట్టలేదు. వాళ్ళకు పట్టిందల్లా ఊరికి ఒక కాలు దొరికిందన్న సంతోషమే. మా దిక్కున నడుం పట్టినవాడు మొదట వెతుక్కునేది వైద్యుణ్ణి కాదు, ఇట్లా ఎదురుకాళ్ళతో పుట్టినవాణ్ణి. వాడు ఎడమ మడమతో నడుం మీద మూడుసార్లు తొక్కితే పట్టు వదులుతుందని నమ్మకం.

ఇప్పటికీ వదలలేదు ఆ నమ్మకం. మొన్నీమధ్య నాగర్‌కర్నూల్‌లో బస్సు దిగిన ఒక పడుచువాడు, ఇస్త్రీ పంట్లాం వేసుకున్నవాడు, ఎవరో చెబితే నన్ను వెతుక్కుంటూ వచ్చి, "తాతా, జర కాలు పెట్టవా" అన్నాడు. రాత్రిపూట నొప్పి ఎట్లా ఉంటుందిరా అని అడిగితే, అవన్నీ నీకెందుకు అన్నట్టు చూశాడు. ఆ చూపుకే నాకు ఒళ్ళు మండి ఇది రాయడానికి కూర్చున్నాను.

నాకు ఊహ తెలిసేనాటికే ఆదివారం తెల్లవారితే మా గడప ముందు ఇద్దరో ముగ్గురో ఉండేవాళ్ళు. మోట తోలేవాళ్ళు, బరువులెత్తేవాళ్ళు, వంగి కలుపు తీసి లేవలేకపోయిన ఆడవాళ్ళు. పళ్ళు తోముకోకుండా, ఎవరితో మాట్లాడకుండా రావాలి. గడపకు అడ్డంగా బోర్లా పడుకోవాలి. నేను తొక్కాక లేచి, వెనక్కి చూడకుండా పోవాలి. నాకు గింజ కూడా ఇవ్వకూడదు, ఇస్తే కాలి గుణం పోతుందట. ఇట్లా వరసగా మూడు ఆదివారాలు. మూడోసారికి పదిమందిలో ఎనిమిదిమంది నవ్వుతూ పోయేవాళ్ళు. నాకు చాలా పేరు.

ఆ పేరులో కిటుకు చాలా ఏళ్ళకు గాని నాకు తట్టలేదు. మూడు ఆదివారాలంటే రెండు వారాల పైచిలుకు. మామూలుగా పట్టిన నడుం అన్నాళ్ళు ఊరుకుంటే దానంతట అదే వదులుతుంది. పైగా ఆ మధ్య రోజుల్లో మా అమ్మ చెప్పినవన్నీ చేసేవాళ్ళు. ఉప్పును పెనం మీద వేయించి బట్టలో మూట కట్టి కాపడం పెట్టుకోవడం, ఆముదం రాసి వెచ్చజేసిన ఆముదపాకు కట్టుకోవడం, వావిలాకు మరిగించిన నీళ్ళు పోసుకోవడం. "వంగకు, బరువెత్తకు, అట్లని మంచం మీదనే ఉండకు, జర అటిటు తిరుగు" అని ఆమె ప్రతివాడికీ చెప్పేది. కాపడం అమ్మది, ఓపిక వాళ్ళది, పేరు నా కాలిది.

ఇక మా నాయిన సంగతి.

మాకు బావి కింద కొద్దిగా తరి పొలం ఉండేది. మా నాయినా, చిన్నాయనా పొత్తులో ఒక జత ఎడ్లు, ఒక బండి, బావి నీళ్ళు తోడే ఒక మోట. మోట తోలడమంటే చూసినవాళ్ళకు తెలుస్తుంది. ఎడ్లు వాలు దారిన కిందికి దిగుతుంటే మనిషి మోకు అనే లావు తాడు మీద కూర్చుని తన బరువు వేయాలి. తోలు తొండం పైకొచ్చి నీళ్ళు పడగానే ఒక్క కుదుపు. మళ్ళీ ఎడ్లను వెనక్కి నడిపించడం, మళ్ళీ కూర్చోవడం, మళ్ళీ కుదుపు. అట్లా పొద్దుటినుంచి ఎండెక్కేదాకా. మోట తోలేవాడికి నడుం నొప్పి లేదంటే పని ఎగ్గొడుతున్నాడని అనుకునేవాళ్ళు. అందుకే రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న ఆ రోజుల్లో, ఒక చలికాలం మా నాయిన నడుం పట్టుకుని కూర్చుంటే ఎవరికీ వింత అనిపించలేదు.

"మోట నడుమే గద, పోతది" అన్నాడు చిన్నాయన.

నాకప్పటికి మీసాలు ముదిరాయి. బడి మొహం చూడలేదు గాని, దుకాణంలో బెల్లం కట్టిచ్చిన కాగితాలు విప్పి అక్షరాలు కూడబలుక్కుని చదవడం నేర్చుకున్నాను. ఆ కాగితాల్లో నడుం నొప్పి గురించి ఏమీ లేదు. ఆదివారం వచ్చింది, నాయిన గడప మీద పడుకున్నాడు, నేను తొక్కాను. మళ్ళీ ఆదివారం, మళ్ళీ తొక్కాను. మూడో ఆదివారం అయింది. నొప్పి తగ్గలేదు. "ఇంకో మూడు చెయ్యుర" అన్నారు. చేశాను.

ఇక్కడే నాకు కడుపు రగిలేది. కళ్ళ ముందు ఎన్ని కనపడ్డాయి! పట్టిన నడుం పడుకుంటే సుఖపడుతుంది. మా నాయినది పడుకుంటే ఎక్కువయ్యేది. తెల్లవారుజామున పళ్ళు బిగబట్టి కూర్చునేవాడు. పొద్దు వాలేసరికి ఒళ్ళు వెచ్చబడేది. "ఎండల తిరిగిండు" అనేది అమ్మ, చలికాలంలో! తిండి సయించేది కాదు. మొలతాడు జారిపోతున్నదని అమ్మ ముడి బిగించింది, కొన్నాళ్ళకు మళ్ళీ బిగించింది. మనిషి ఎందుకు సన్నబడుతున్నాడని ఎవరూ అడగలేదు. మొలతాడు వదులైందనే అన్నారు.

తర్వాత ఎడమ కాలు ఈడ్వడం మొదలైంది. చెప్పు జారి దారిలోనే ఉండిపోతే, చూసుకోకుండా ముందుకు పోయేవాడు. వెనక వచ్చేవాళ్ళు చెప్పు తెచ్చిచ్చి నవ్వేవాళ్ళు. "ఏందే, చెప్పు ఇడిసిపెట్టి పోతున్నవ్, అత్తగారింటికి పోయే తొందరా?" ఆయన కూడా నవ్వేవాడు.

ఆ ఆదివారం మాత్రం బాగా గుర్తుంది. గడప ముందు బయటివాళ్ళు కూడా ఇద్దరు కూర్చున్నారు. నాయిన అడ్డంగా బోర్లా పడుకున్నాడు. నేను గోడ పట్టుకుని, ఎడమ పాదం ఆయన నడుం కింది భాగాన ఆనించి, బరువు వేయబోతున్నాను.

"ఏందిర, నిలవడ్డవ్? పెట్టు కాలు" అన్నాడు నాయిన.

"పెట్టిన గద నాయినా."

"యాడ వెట్టినవ్? నాకు తెల్వకనా?"

నేను వేళ్ళతో కొంచెం నొక్కాను. "ఇప్పుడు?"

"జల్దీ పెట్టుర బిడ్డ, గడప సల్లగున్నది."

చలి ఆయనకు రొమ్ము దగ్గర తెలుస్తున్నది. నా కాలు మాత్రం తెలియడం లేదు. కాలు తీసి పక్కకు నిలబడ్డాను.

"నేను తొక్క" అన్నాను.

"ఏమైంది?" అంది అమ్మ లోపలినుంచి.

"నాయినకు నా కాలు తెలుస్తలేదు. ఇది పట్టు కాదు. దవాఖానకు తీసుకపోవాలె."

చిన్నాయన అప్పుడే పశువులకు గడ్డి వేసి వస్తున్నాడు. విన్నాడు. "ఓహో! ఊరందరి నడుములు తొక్కెటోడివి, కన్నతండ్రికి తొక్కవా? ఆయనేం పాపం చేసిండు?"

"తెలుస్తలేదంటుండు చిన్నాయనా."

"తెల్వకుంటె గట్టిగ తొక్కు! మెల్లగ పెడితె ఎట్ల తెలుస్తది?"

గడప ముందు కూర్చున్నవాళ్ళలో ఒకాయన, తన వంతు తప్పిపోతుందేమోనని భయం కాబోలు, "మాకన్న జర తొక్కి పో అయ్యా, ఆదివారం మల్ల ఎన్నటికొస్తదో" అన్నాడు. నేను ఎవరికీ తొక్కలేదు. ఇద్దరూ తిట్టుకుంటూ పోయారు, వెనక్కి మెడ తిప్పి మరీ తిట్టారు.

దవాఖాన నాగర్‌కర్నూల్‌లో ఉంది. బండి మీద పూటంతా దారి. బండి కట్టాలంటే ఎడ్లు కావాలి. ఎడ్లు పోతే మోట ఆగుతుంది. మోట ఆగితే పొట్టకొచ్చిన వరి ఎండుతుంది. చిన్నాయన లెక్క ఇదీ, తప్పని అననుగాని, ఆ లెక్కలో మా నాయిన కాళ్ళు ఎక్కడా లేవు. నేను రోజూ అడిగాను, రోజూ ఒక జవాబు దొరికేది. నీళ్ళు పారించే వంతు అయిపోనీ. అమావాస్య దాటనీ. దవాఖానకు పోయినోడు తిరిగి రాడు. సూదులు గుచ్చి పానం తీస్తారు. ఇంటి వైద్యం చేతిలో ఉండగా సర్కారు కాళ్ళు పట్టుకుంటామా?

అమ్మను అడిగితే, "ఇప్పుడు ఇంటికి మీ చిన్నాయననే పెద్ద, ఆయన మాట తియ్యరాదు బిడ్డ" అనేది. నాయిననే అడిగాను. "నాకేమైందిర? జర తిమ్మిరి. నువ్వు తొక్కి ఉంటె ఈపాటికి పోయేది" అన్నాడు. అంటే దోషం నాది!

చివరికి చిన్నాయన ఎడ్లను విప్పాడు. వరి ఎండితే ఎండనీ అన్నాడు. బండి కట్టాడు. నేను సంతోషంతో దుప్పటి మడతపెడుతుంటే తెలిసింది, బండి నాగర్‌కర్నూల్‌కు కాదట. అమ్రాబాద్ గుట్టల దిక్కున ఒక ముసలమ్మ ఉందట, ఆమె కూడా ఎదురుకాళ్ళతో పుట్టిందట, ఆమె కాలు నా కాలి కంటే గట్టిదట, ఆమెను ఎక్కించుకుని వస్తాడట. దవాఖానకు కదలని ఎడ్లు ఇంకో కాలి కోసం గుట్టలెక్కాయి! అంత కోపం నాకు జన్మలో రాలేదు. బండికి అడ్డం నిలబడ్డాను. చిన్నాయన చర్నాకోల ఎత్తి, "తప్పుకో, నీ కాలికి పొగరెక్కింది" అన్నాడు.

బండి పోయింది. ఆ రాత్రి గడిచి మర్నాడు పొద్దున నాయిన లేవలేదు. రెండు కాళ్ళూ కట్టెల్లాగా ఉన్నాయి. ఒంటికి పోసుకోవడానికి ముంత తెచ్చి పెట్టాను, చుక్క రాలేదు. కాసేపయ్యాక మళ్ళీ పెట్టాను, రాలేదు. పొత్తికడుపు బిగిసి గట్టిగా ఉంది. "అస్తలేదా?" అని అడిగితే, "అచ్చేటట్టే లేదు" అన్నాడు. నొప్పి కూడా లేదన్నాడు. అమ్మ వచ్చి కడుపు మీద చెయ్యి పెట్టి చూసింది. ఇద్దరు పిల్లల్ని పోగొట్టుకున్న మనిషి, ఒంటి మీద చెయ్యి పెడితే ఏది మామూలు ఏది కాదో ఆమెకు తెలుసు.

"బండి రానీ" అంది. "ఆ అవ్వను దింపనియ్య."

పొద్దు నడినెత్తికి వచ్చేసరికి బండి వచ్చింది. ముసలమ్మ వెదురుబుట్టలా ఇంతే ఉంది, చేతిలో చుట్ట. చిన్నాయన గర్వంగా, "దిగవ్వా" అన్నాడు. అమ్మ బండి చక్రం పట్టుకుని నిలబడింది.

"దిగకు అవ్వా. మేమే ఎక్కుతం. మరిదీ, ఎడ్లకు నీళ్ళు వెట్టు, నాగర్‌కర్నూల్ పోవాలె."

"వదినే, గింత దూరంకెల్లి తెచ్చిన..."

"ఆయనకు ఒంటికి అస్తలేదు. నువ్వు తోల్తె తోలు, లేకుంటె నా కొడుకు తోల్తడు."

మరిది మాట తీయరాదన్న మనిషి ఆమే. చిన్నాయన ఎడ్లకు నీళ్ళు పెట్టడానికి పోయాడు. కొట్టం తలుపు ఊడదీసి, దాని మీద నాయినను చదునుగా పడుకోబెట్టి, కింద గడ్డి పరిచి బండెక్కించాం. ముసలమ్మ దిగనంది. "నన్ను గుట్ట దించి, బువ్వ గూడ పెట్టకుంట ఈడ దింపుతరా? నేను గూడ వస్త. నాగర్‌కర్నూల్ సూడక మస్తు రోజులైంది." దారి పొడుగునా చుట్ట తాగుతూ, "ఒక్కసారి బండ్లనే తొక్కుదునా, లేస్తడేమో" అంటూనే ఉంది. ఆమె కాలు కదిలినప్పుడల్లా నేను నా మోకాలు అడ్డం పెట్టాను.

డాక్టరు నడివయసు మనిషి. ఉర్దూ కలిపిన తెలుగు మాట్లాడేవాడు. ముందు రబ్బరు గొట్టం పెట్టి ఒంటికి తీయించాడు. నాయిన ముఖంలోకి నెత్తురు వచ్చింది. తర్వాత గుండుసూదితో కాలివేళ్ళనుంచి పైకి గుచ్చుకుంటూ వచ్చాడు. నడుం దాటేదాకా నాయిన పలకలేదు. వెన్నుపూసలను ఒక్కొక్కటే వేలితో తట్టాడు. ఒక పూస కొంచెం బయటికి పొడుచుకుని ఉంది. దాని మీద తట్టగానే నాయిన గావుకేక పెట్టాడు.

"ఎవరు తొక్కిండ్రు దీన్ని?" అన్నాడు డాక్టరు.

ముసలమ్మ ఠక్కున నన్ను చూపించింది. "వీడే సాబ్. నేను ముట్టలేదు, నా కాలు మీద ఒట్టు."

నాకు మండింది. "తొక్కమన్నోళ్ళంత బయట నిలవడ్డరు సాబ్, వాళ్ళను గూడ పిలువుండ్రి" అన్నాను. డాక్టరు నవ్వలేదు. అమ్మ వైపు తిరిగి వరసగా అడిగాడు. రాత్రి పడుకుంటే నొప్పి ఎక్కువయ్యేదా? సాయంత్రం జ్వరం వచ్చేదా? చిక్కిపోయిండా? కాలు ఈడ్చేవాడా? అమ్మ ప్రతిదానికీ తల ఊపింది. ప్రతి ఊపుకూ తల ఇంకా కిందికి పోయింది.

"వీటిల ఒక్కటి కనవడ్డా రావాలె. మీరు అన్నీ అయ్యెదాంక కూసున్నరు" అన్నాడు. "ఇది మోట నొప్పి కాదు. బొక్కకు క్షయ పట్టింది. పూస మెత్తవడి లోపల నరం మీద ఒత్తుతున్నది. మీద ఇంత బరువు పడ్డంక ఏమైతది?"

"కాళ్ళు వస్తయా సాబ్?" అని అడిగింది అమ్మ.

"చెప్పలేను. పట్నం పెద్ద దవాఖానకు తీసుకపోతె సున్నం కట్టు వేసి పండవెడతరు."

నాయిన పట్నం పోనన్నాడు. చచ్చినా బావి దగ్గరే అన్నాడు. డాక్టరు విసుక్కున్నాడు గాని వదిలేయలేదు. ఒంటికి మామూలుగా వచ్చేదాకా వరండాలో ఉంచుకున్నాడు. పంపేటప్పుడు నన్ను పక్కకు పిలిచి చెప్పాడు. గట్టి చెక్క మీద చదునుగా పడుకోబెట్టాలి. నెలల తరబడి లేపి కూర్చోబెట్టరాదు. పక్కకు తిప్పాలంటే ఇద్దరు పట్టి దూలాన్ని తిప్పినట్టు ఒకేసారి తిప్పాలి. పుండ్లు పడకుండా చూడాలి. పాలు, గుడ్లు, పొద్దుటి ఎండ. "తొక్కుడు ఎవరికీ పనికిరాదా?" అని అడిగాను. "పట్టిన నడుముకు కాపడం చాలు, ఓపిక చాలు. నీ కాలు ఎందుకు?" అన్నాడు. ఇరవై ఏళ్ళ నా పేరు అక్కడ పోయింది. పోతే పోయిందనే అనిపించింది.

ఇంటికి వచ్చాక మొదలైంది అసలు పోరు. ఆ కొట్టం తలుపే నాయినకు మంచం. దాన్ని పందిరి కింద పెట్టాం. చూడవచ్చిన ప్రతివాడికీ ఆయనను లేపాలని ఉండేది. "మనిషిని గట్ల శవం లెక్క పండవెడ్తె ఉన్న రక్తం గూడ గడ్డకడ్తది" అని ఒకరు. "ఒక్కసారి గోడకు ఆనిచ్చి కూసోవెట్టుండ్రి, గాలన్న ఆడుతది" అని ఇంకొకరు. నేను చేనికి పోయి వచ్చేలోగా చిన్నాయన ఒకసారి చంకల కింద చేతులు వేసి సగం లేపాడు. నేను అరిచిన అరుపుకు ఎడ్లు బెదిరాయి. మా చిన్నాయనకూ నాకూ చాలా రోజులు మాటల్లేవు. ఎవరు లేపుతారోనని అక్కడే కూర్చుని బెల్లం కాగితాలు చదివేవాణ్ణి. నాయినకు అది కూడా నచ్చేది కాదు. "నేను పంజరంల చిలుకనా, కావలి కాస్తున్నవ్?" అనేవాడు.

ఎండాకాలం పోయింది. తొలకరి పడింది. జ్వరం ఎప్పుడు మానిందో తెలియదు గాని మానింది. మొలతాడు ముడి అమ్మ వదులు చేసింది. కాళ్ళు మాత్రం అట్లాగే ఉన్నాయి. జొన్న మోకాలెత్తు పెరిగిన రోజుల్లో ఒకనాడు, కాలి మీద ఈగ వాలితే నాయిన "ఎల్లగొట్టుర" అన్నాడు. నేను ఈగను చూస్తూ ఉండిపోయాను. ఈగ వాలింది ఆయన ఎడమ పాదం మీద. ఆయన కళ్ళు మూసుకుని ఉన్నాడు.

తర్వాత బొటనవేలు కదిలింది. తర్వాత మడమ. డాక్టరు వద్దన్నన్నాళ్ళూ, ఆ పైన ఇంకొన్నాళ్ళు కూడా, నేను లేవనివ్వలేదు. మరుసటి ఏడు దుక్కులు దున్నే వేళకు రెండు కర్రలు పట్టుకుని నిలబడ్డాడు. మోకు మీద మళ్ళీ కూర్చోలేదు, నడుం కాస్త గూని అయింది.

కర్రలతో మొదటిసారి వాకిలి దాటిన రోజున నేను పక్కనే చెయ్యి పట్టుకుని నడుస్తున్నాను. చేని గట్టు దగ్గర ఆగి, "చెయ్యి ఇడువు. ఒంటికి పోయొస్త. దానికి గూడ నువ్వుండాలెనా?" అన్నాడు. వదిలాను. తుమ్మ చెట్టు చాటుకు తానే పోయాడు, తానే వచ్చాడు. బాటన పోతున్నవాళ్ళు ఆగి చూశారు. నాయిన వాళ్ళకు వినపడేటట్టు గట్టిగా అన్నాడు: "మావోని కాలి గుణం చూసిండ్రా? ఆలస్యంగనన్న పనిచేసింది!"

వాళ్ళు తలలూపారు. వచ్చే ఆదివారం వస్తామని కూడా అన్నారు. నా నోట్లో తలుపు చెక్క, డాక్టరు, రబ్బరు గొట్టం, అమ్మ పట్టుకున్న బండి చక్రం, అన్నీ ఒకేసారి వచ్చి అడ్డం పడ్డాయి. అప్పటికే నాయిన కర్రలు ముందుకు వేసి ఇంటి వైపు కదిలాడు. ఎడమ పాదం ఇంకా కొంచెం ఈడుస్తూనే ఉన్నాడు, గట్టు మీద తడి ఉంది. నేను వాళ్ళతో పోట్లాట మానుకుని ఆయన వెనకాల నడిచాను.